బ్యాంకాక్‌లో భిక్ష వేసి, పుణ్యం ధారపోయడం

మా అమ్మ పోయిన ఏడాదే నేను ఇక్కడ భిక్ష వేయడం నేర్చుకున్నాను. థాయ్‌లో తక్‌బాత్ అంటారు. చేయాలని ఉండి కూడా పద్ధతి తెలియక ఆగిపోయిన మనవాళ్ల కోసం రాస్తున్నాను.

మిగిలిపోయింది పెట్టకండి. ఇంకా ఎవరూ ఎంగిలి పడని వంటలోంచి ముందుగా తీసిపెట్టాలి. నేను తెల్లవారుజామునే లేచి పులిహోర కలుపుతాను. చల్లారాక చిన్న కవర్లో పోసి రబ్బరు బ్యాండు వేస్తాను. వేడిది వేస్తే పాత్ర కాలుతుంది, దాన్ని మోసే చేతులూ కాలుతాయి. పచ్చి బియ్యం, పచ్చి మాంసం వద్దు.

ఆరింటికల్లా వీధి చివర నిలబడండి. భిక్షువులు వట్టికాళ్లతో వస్తారు, కాబట్టి మీరూ చెప్పులు విప్పాలి. మొదటిసారి నేను విప్పకపోతే, పక్కన పళ్లమ్మే ఆవిడ నా మోచెయ్యి తట్టి కాళ్లవైపు చూపించింది. కవరు నుదుటిదాకా ఎత్తి, ఒక్క క్షణం ఆగి, పాత్రలో మెల్లగా ఉంచండి. ఆడవాళ్లం చెయ్యి తగలనివ్వకూడదు.

ఇవ్వబోయే ముందు సంతోషం, ఇస్తున్నప్పుడు ప్రసన్నత, ఇచ్చాక తృప్తి, ఈ మూడూ ఉండాలన్నాడు బుద్ధుడు. నాకు కష్టమైంది మూడోదే. ఇంటికొచ్చి ఖర్చు లెక్క వేసుకునేంత పని పెట్టుకోకండి. అరటిపండు చాలు.

ఇక ధార. పుణ్యం ధారపోయడం అని మనం మాటవరసకు అంటాం, ఇక్కడ నిజంగానే నీళ్లు పోస్తారు. గుడిలో భిక్షువు 'యథా వారివహా పూరా' అని ఎత్తుకోగానే చిన్న ఇత్తడి చెంబులోంచి గిన్నెలోకి సన్నగా, తెగకుండా వదలాలి. నిండిన నదులు సముద్రాన్ని నింపినట్టు, ఇక్కడ ఇచ్చింది పోయినవాళ్లకు చేరుతుందని ఆ మాటలకు అర్థం. మిగతా భిక్షువులు 'సబ్బీతియో' అని గొంతు కలిపేసరికి చెంబు ఖాళీ చేసి చేతులు జోడించాలి. వీధిలో భిక్ష వేసిన రోజు నేను ఇంట్లోనే పోస్తూ 'ఇదం మే ఞాతీనం హోతు' అంటాను. ఇది నా జ్ఞాతులకు చెందాలి అని.

ఇంట్లోవాళ్లనూ కలుపుకోండి. ఒకరి పుణ్యానికి మనసారా సంతోషించడమూ పుణ్యమే. మా గుంటూరు పక్కనే ఉన్న అమరావతి స్తూపానికి విధికుడనే చర్మకారుడు పూర్ణఘటం చెక్కిన ఫలకం ఇచ్చాడు. ఆ శాసనంలో తల్లినీ, భార్యనూ, అన్నదమ్ములనూ, పిల్లలనూ కలిపే చెప్పుకున్నాడు. నేను ధారపోసేటప్పుడు మా పాప నా మోచెయ్యి పట్టుకుంటుంది.

గిన్నెలో నీళ్లు చెట్టు మొదట్లో పోయండి. వాన పడుతున్నా సరే, సింకులో మాత్రం పారబోయకండి.