బెంగళూరు మేడ మీద సగ్గుబియ్యం వడియాలు

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయాక బెంగళూరులో వడియాలకు మంచి రోజులు. ఎండ చురుక్కుమంటుంది, గాలిలో తేమ తక్కువ. ఏప్రిల్ దాకా ఆగితే సాయంత్రం జల్లులతో పేచీ.

గ్లాసు సగ్గుబియ్యం రాత్రి 2 గ్లాసుల నీళ్లలో నానబెట్టండి. పొద్దున్నే మరో 4 గ్లాసులు మరిగించి అందులో వేసి, సన్నసెగ మీద అడుగంటకుండా కలపండి. గింజ మధ్యలో తెల్లచుక్క పోతే ఉడికినట్టే. 6 పచ్చిమిర్చి ముద్ద, చెంచా జీలకర్ర, ముప్పావు చెంచా ఉప్పు చాలు. ఇప్పుడు సరిపోయిందనిపించే ఉప్పు ఎండాక కటికగా తగులుతుంది. దించాక అరచెక్క నిమ్మరసం.

పిండి గరిటె జారుగా ఉండాలి. మరీ పలచనైతే వడియం కాగితంలా చిరుగుతుంది. మందంగా పెడితే లోపల ఆరక, నూనెలో పొంగదు. తొమ్మిదిలోపే ప్లాస్టిక్ షీటు మీద పెట్టి, తడికి తగలకుండా పైన పాత నూలుచీరను కుర్చీలకు కట్టండి. లేకపోతే పావురాలకు విందే. రెండోరోజు తిరగేయండి. మూడోరోజు విరిస్తే ఫట్‌మనాలి, మనకపోతే ఇంకో ఎండ. సగం ఎండినవి పిల్లలు ఎలాగూ మాయం చేస్తారు, రెండు వరసలు ఎక్కువే పెట్టండి.