కార్తీకంలో అరకు వెళ్తున్నారా? ముందు బ్రేక్ ఆయిల్ రంగు చూసుకోండి

పైడితల్లమ్మ సిరిమానోత్సవం అయిపోగానే విజయనగరంలో ఏ ఇంట్లో చూసినా ఒకటే మాట: "ఈసారి అరకు ఎప్పుడెళ్దాం?" కార్తీకమాసం, వనభోజనాలు, వలిసె పూలు, పొద్దున్నే పొగమంచు. శ్రీకాకుళం, చీపురుపల్లి, నెల్లిమర్ల నుంచి కార్లన్నీ ఎస్.కోట మీదుగా కొండెక్కుతాయి. బొబ్బిలి, సాలూరు వైపు వాళ్లు 26వ నంబరు జాతీయ రహదారి మీద సుంకి ఘాట్ ఎక్కి పొట్టంగి, దేవమాలి దాకా వెళ్లొస్తారు. బయల్దేరేటప్పుడు అందరూ అడిగేది "మన బండి కొండెక్కుతుందా?" అనే. ఎక్కలేని బండి మధ్యలో ఆగిపోతుంది, అంతే. ఆగలేని బండి సంగతే ఆలోచించాలి.

నాలుగేళ్ల కిందట ఒక కార్తీక ఆదివారం సాయంత్రం మేం అరకు నుంచి తిరిగొస్తున్నాం. కారులో ఐదుగురం, డిక్కీ నిండా గిన్నెలు, దుప్పట్లు. అనంతగిరి దాటి కిందికి దిగుతుంటే వెనక సీట్లోంచి మా అత్తగారు "బాబూ, ఏదో కాలిన వాసనొస్తంది" అన్నారు. ముందు వెళ్తున్న లారీదేమో అనుకున్నాను. ఇంకో రెండు మలుపులు తిరిగాక బ్రేక్ నొక్కితే పెడల్ స్పాంజిలా మెత్తగా దిగింది. ఆ తర్వాతి మలుపులో నొక్కితే కాలు నేరుగా నేలకి తగిలింది. ఎదురుగా బస్సు వస్తోంది. పెడల్‌ని టకటకా నాలుగైదు సార్లు కొట్టి, గేరు రెండుకి దించి, హ్యాండ్‌బ్రేక్ కొద్దికొద్దిగా లాగుతూ కొండ వైపున్న మట్టికట్టకి ఆనించి ఆపాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మా పాప ఏడుపు ఆపడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

చక్రాల్లోంచి పొగ వస్తుంటే నీళ్ల సీసా తీశాను. వెనక ఆగిన లారీ డ్రైవరు ఒకాయన పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "నీళ్లు పొయ్యకు బావూ, ప్లేటు వంకర పోద్ది. అరగంట ఊరికే వదిలెయ్. ఏ గేర్లో ఎక్కినావో ఆ గేర్లోనే దిగాల." అంతే చెప్పి వెళ్లిపోయాడు. ఆ కారు అంతకు మూడు వారాల ముందే సర్వీసింగ్ అయింది. బిల్లు మీద "బ్రేకులు చెక్ చేశాం" అని రాసే ఉంది. చక్రంతో తిరిగే డిస్కుని పట్టి ఆపే ప్యాడ్లు నిజంగానే బాగున్నాయి. ఐదేళ్లుగా బ్రేక్ ఆయిల్ మాత్రం ఒక్కసారి కూడా మార్చలేదు.

అప్పట్నుంచి తెలిసిన వాళ్లు ఎవరు కొండకి బయల్దేరుతున్నా ఇవన్నీ చెబుతున్నాను.

ముందు వేడి లెక్క చూడండి. మనుషులతో, సామానుతో కలిపి 1600 కిలోలున్న కారు వెయ్యి మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగిందనుకుందాం. దాన్ని కేవలం బ్రేకులతోనే అదుపు చేస్తే పుట్టే వేడి, మామూలు నీళ్లని యాభై లీటర్లకు పైగా మరిగే స్థితికి తేగలదు. పెళ్లివారి వంటల గుండిగ ఒకటి గుర్తు తెచ్చుకోండి. అంత వేడీ మన అరచేయంత ప్యాడ్లు, పళ్లెమంత డిస్కులు మోయాలి. గాలికి కొంత చల్లారుతాయి కానీ ఘాట్‌లో మనం వెళ్లే వేగానికి ఆ గాలి చాలదు. డిస్కు మూడు నాలుగు వందల డిగ్రీలకి చేరడం అక్కడ వింతేమీ కాదు.

అప్పుడు మూడు రకాలుగా బ్రేకు చేతులెత్తేస్తుంది. ప్యాడ్ మీది పదార్థం దాని హద్దు దాటి వేడెక్కితే పట్టు పోతుంది. పెడల్ గట్టిగానే ఉంటుంది, ఎంత తొక్కినా బండి మాత్రం ఆగదు. వెనక చక్రాలకి డ్రమ్ములుంటే అవి వేడికి వ్యాకోచించి, లోపల రాసుకుని ఆపే లైనర్లకి దూరం జరుగుతాయి, పెడల్ మామూలు కన్నా లోతుకు వెళ్తుంది. మూడోది నాకు జరిగింది. ప్యాడ్లని డిస్కుకి నొక్కే కాలిపర్ దగ్గర ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే ఒత్తిడి చక్రం దాకా వెళ్తుంది. ఆవిరిని నొక్కితే ఆ ఆవిరే నలుగుతుంది, చక్రానికి ఏమీ అందదు. ఉన్నట్టుండి కాలి కింద పెడల్ మాయమైనట్టు ఉండేది అందుకే. మొదటి రెండూ కొంచెం కొంచెంగా తెలుస్తాయి. ఈ మూడోది ఒకటి రెండు మలుపుల్లోనే ముంచేస్తుంది. అందుకే నేను దేనికన్నా ముందు ఆయిల్ గురించి అడుగుతాను.

అందరం బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది ఆయిల్ కాదు. ఇంజిన్ ఆయిలో, స్టీరింగ్ ఆయిలో అందులో ఒక్క చుక్క పడినా లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడైపోతాయి. ఈ ద్రవానికి గాలిలో తేమని పీల్చుకునే గుణం ఉంది. బండి కదలకపోయినా, రబ్బరు పైపుల్లోంచి కూడా పీలుస్తుంది. బ్రేక్ ఆయిల్‌లో డాట్ 4 అనే రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అందులో నూటికి నాలుగు పాళ్లు కూడా లేనంత నీరు చేరిందా, ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. కళింగపట్నం, భావనపాడు, భీమిలి గాలి పీల్చే బండ్లకి తేమ కొరత ఎక్కడుంటుంది? రెండేళ్లకోసారి మార్చమని చాలా కార్ల పుస్తకాల్లో ఉంటుంది. తీరం పక్క ఊళ్లవాళ్లు ఆ రెండేళ్లని ఒక్క నెల కూడా సాగదీయొద్దు.

మార్చేటప్పుడు ఒక్కసారి పక్కనే నిల్చుని చూడండి. మా మెకానిక్ చక్రం విప్పి, కాలిపర్ వెనక ఆయిల్ బయటికి వదిలే చిన్న నిపుల్‌కి సన్నటి పారదర్శక ట్యూబు తొడిగి, ఇంకో కొసని ఖాళీ నీళ్ల సీసాలో పెట్టాడు. కుర్రాడు సీట్లో కూర్చున్నాడు. "కొట్టు... కొట్టు... పట్టుకో" అంటే పెడల్ నొక్కి పట్టాడు. నిపుల్ పావు చుట్టు వదలగానే ట్యూబులోకి వచ్చింది చూడాలి, చిక్కటి కాఫీ డికాషనే. మధ్యమధ్యలో బుడగలు. బిగించాక "వదులు" అన్నాడు. ఇలా పది పదిహేను సార్లు చేశాక తేనె రంగు మొదలైంది, ఆ తర్వాత లేత గంజినీళ్ల రంగులో తేటగా వచ్చింది. నాలుగు చక్రాలకీ అలా వచ్చేదాకా చేయాలి. బానెట్ కింద ఆయిల్ పోసే డబ్బాలో ఉన్నది సిరంజితో లాగి కొత్తది పోసి "మార్చేశాం" అనేవాళ్లున్నారు. దానివల్ల కాలిపర్ దగ్గరున్న పాతది పాతదిగానే ఉంటుంది, మరిగేది అదే. సీలు తీసి ఇంట్లో దాచిన సగం సీసా కూడా వాడనివ్వకండి, అది ఈపాటికే తేమ పట్టి ఉంటుంది. డబ్బా మూత మీద ఏ రకం రాసుందో ఆ రకమే పోయించండి. డాట్ 5 పెద్ద నంబరు కదా అని తేవద్దు, అది సిలికాన్‌తో చేసింది, వీటితో కలవదు. డాట్ 5.1 వేరు, అది వీటి జాతిదే.

చక్రం విప్పించారు కాబట్టి మిగతావీ అప్పుడే చూపించుకోండి. ప్యాడ్ మందం మూడు మిల్లీమీటర్లకి వచ్చిందంటే కొండకి ముందే మార్చేయాలి, "ఇంకో రెండు నెలలు వస్తాయి" అన్న మాట ఎస్.కోట రోడ్డు మీద చెల్లదు. డిస్కు అంచు మీద కనీస మందం అచ్చుకొట్టి ఉంటుంది, కొలిపించండి. కాలిపర్ పిన్నులు మన ఉప్పుగాలికి తుప్పు పట్టి బిగుసుకుంటాయి. అప్పుడు ఒక ప్యాడ్ ఎప్పుడూ డిస్కుని రాసుకుంటూనే ఉండి, మీరు బ్రేక్ వేయకపోయినా వేడెక్కుతుంది. ఒక చక్రం ప్యాడ్లలో ఒకటి అరిగి ఇంకోటి అరగకుండా ఉంటే అదే కారణం. పిన్నులు శుభ్రం చేసి దానికి తగ్గ గ్రీజు పెడితే సరిపోయే పని ఇది. వెనక డ్రమ్ములు విప్పి దుమ్ము తుడిపించండి, హ్యాండ్‌బ్రేక్ ఆరేడు టిక్కుల్లోపు పట్టేలా సరిచేయించండి.

ప్యాడ్లు కొత్తవి వేయించారా, తిన్నగా కొండకి పోకండి. కొత్త ప్యాడ్లు మొదటి వేడికి పట్టు సడలిస్తాయి. ఊరి బయట ఖాళీ రోడ్డు మీద అరవై వేగం నుంచి పదిహేనుకి, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పదిసార్లు తగ్గించండి. ఒక్కోదానికి మధ్య అర కిలోమీటరు గాలి తగలనివ్వండి. చివర్లో ఆగకుండా నాలుగైదు కిలోమీటర్లు నడిపి చల్లార్చండి.

బ్రేకులు మెరుగుచేయడమంటే కొందరు కుర్రాళ్లు చిల్లులున్న డిస్కులు, పెద్ద అల్లాయ్ చక్రాలు వేయిస్తున్నారు. ఆ డబ్బుతో మంచి కంపెనీ ప్యాడ్లు, తాజా ఆయిల్, నాలుగు మంచి టైర్లు వస్తాయి. పెద్ద బరువైన చక్రం బ్రేకుకి ఇంకా భారమే. చివరికి బండిని ఆపేది టైరు, అది గుండైపోతే వెనకున్నదంతా వృథా. ఏబీఎస్ ఉందని ధీమా వద్దు. అది చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది, మరిగిన ఆయిల్‌ని చల్లార్చదు.

ఇక దిగడం. గాలికొండ దాటి దిగుడు మొదలయ్యే ముందే గేరు దించండి, సగం దిగాక కాదు. డముకు, టైడా మలుపుల్లో రెండో గేరు, మరీ వాలుగా ఉన్నచోట ఒకటి. ఇంజిన్ గట్టిగా అరుస్తుందని భయపడతారు. ఇంజిన్ వేగం చూపే ఆర్‌పీఎం మీటరులో మూడు వేల దగ్గర ముల్లు ఉంటే ఇంజిన్‌కి ఏమీ కాదు, అది బ్రేకు పని తను చేస్తోందని అర్థం. బ్రేక్ మీద కాలు పెట్టేసి కొద్దిగా నొక్కుతూ దిగడమే అన్నిటికన్నా చెడ్డ అలవాటు, నేను చేసిందీ అదే. వేగం నలభై దాటబోతుంటే గట్టిగా నొక్కి ముప్పైకి తెచ్చి పూర్తిగా వదిలేయండి. వదిలిన ఆ కాస్త సేపూ డిస్కు ఊపిరి పీల్చుకుంటుంది.

న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు మిగులుతుందన్నది పాత కార్బురేటర్ బండ్ల కాలం నాటి నమ్మకం. ఇప్పటి కార్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంజెక్టర్లు పెట్రోలు ఆపేస్తాయి. న్యూట్రల్‌లోనే ఇంజిన్ తిరగడానికి ఖర్చవుతుంది. ఇంజిన్ ఆపేసి దిగేవాళ్లని చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. రెండు మూడు నొక్కులకి, మన కాలి బలాన్ని పెంచే బూస్టర్‌లో బలం అయిపోయి పెడల్ రాయిలా మారుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. తాళం పూర్తిగా తిప్పితే స్టీరింగే లాక్ అయిపోవచ్చు.

ఆటోమేటిక్ కారు వాళ్లు డీ లోనే వదిలేయకుండా ఎల్, లేదా మాన్యువల్ మోడ్‌లో రెండు పెట్టుకోవాలి. ఇది ఇంట్లోనే ఖాళీ రోడ్డు మీద ఒకసారి అలవాటు చేసుకోండి. ఎలక్ట్రిక్ కారు దిగుడులో మోటారుతోనే చాలావరకు ఆగుతుంది గానీ, పైన హోటల్లో నూటికి నూరు ఛార్జింగ్ చేసి బయల్దేరితే ఆ కరెంటు వెనక్కి పోయే చోటుండదు, అప్పుడు భారమంతా మామూలు బ్రేకుల మీదే. ఎనభై దగ్గర ఆపేసి దిగండి.

కాలిన వాసన రాగానే, పెడల్ ఏ కొంచెం తేడా అనిపించినా, వెడల్పైన చోటు చూసి ఆగండి. వ్యూపాయింట్లు అందుకే అనుకోండి. వేడి మీద హ్యాండ్‌బ్రేక్ బిగించి ఉంచొద్దు. చల్లారేటప్పుడు డ్రమ్ము ముడుచుకుని లైనర్లని పట్టేసే ప్రమాదం ఉంది. మొదటి గేరులో ఉంచి చక్రానికి రాయి పెట్టండి. కదిలేటప్పుడు ఆ రాయి తీసి పక్కన పడేయండి, వెనక బైకు మీద వచ్చే వాళ్లకి అది ప్రాణాంతకం.

పెడల్ పూర్తిగా పోతే వరసగా కొట్టండి, మూడు నాలుగు నొక్కులకి కొంత ఒత్తిడి రావచ్చు. గేర్లు ఒక్కోటిగా దించండి. హ్యాండ్‌బ్రేక్ బటన్ నొక్కి పట్టుకునే లాగుతూ వదులుతూ ఉండండి. ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు జారిపోతాయి. హారన్, నాలుగు ఇండికేటర్లు ఆపకండి. బండిని లోయ వైపు కాకుండా కొండ వైపు మట్టికి, పొదలకి రాపిడి పెట్టండి. తలుపులు గీసుకుపోతే పెయింటు వేయించుకోవచ్చు.

చల్లారాక పెడల్ మళ్లీ గట్టిగా వస్తుంది, నాకూ వచ్చింది. దాన్ని నమ్మి మిగతా ఘాట్ మామూలుగా దిగేయకండి. మొదటి గేరులో మెల్లగా కాశీపట్నం దాకా వచ్చి, మర్నాడే ఆయిల్ మొత్తం మార్పించండి, ప్యాడ్లు అద్దంలా నున్నగా మెరుస్తున్నాయేమో చూపించండి. మార్చిన తేదీని చిన్న స్టిక్కరు మీద రాసి ఆ డబ్బా పక్కనే అంటించండి. మా కారుకి అలా అంటించినది ఇప్పుడు రెండోది.