బైనరీలోకి మార్చినా సైజు తగ్గలేదా? ముందు ఒక్క రికార్డు విప్పి చూడండి

చిత్తూరు జిల్లాలో పాల సేకరణ కేంద్రాల లెక్కలను పల్లెల నుంచి సర్వర్‌కు పంపే ప్రోగ్రాములు రాయడం నా పని. డేటాబేస్ విలువలను ప్రోటోబఫ్‌లోకి (డేటాను చిన్న బైట్ల వరసగా రాసే పద్ధతి) మార్చాం, అయినా డేటా ఖర్చు తగ్గలేదంటూ తరచూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. ఒక్క రికార్డునైనా హెక్స్‌లో (ఒక్కో బైటును రెండేసి గుర్తులతో, 16 ఆధారంగా చూపే లెక్కలో) చూశారా అని అడిగితే చూడలేదంటారు. డేటాను కుదించే గ్జిప్ మాత్రం అప్పటికే పెట్టేసి ఉంటారు. గ్జిప్ తలకూ తోకకూ కలిపి 18 బైట్లు పోతాయి. తొమ్మిది బైట్ల రికార్డుకు దాన్ని విడిగా చుట్టడమంటే అణా కోడికి ముప్పావలా మసాలా.

కనిపించేది: అన్ని రికార్డులూ ఒకేలా లావుగా ఉన్నాయి

కారణం: తెర మీద కనిపించిన రూపాన్నే అక్షరాలుగా రాసేశారు.

పరిష్కారం: యూయూఐడీని (రికార్డుకు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) అక్షరాలుగా రాస్తే 36 బైట్లు, దాని అసలు రూపంలో 16. "2024-06-15 06:10:00" అనే సమయం 19 బైట్లు. 1970 నుంచి సెకన్లుగా లెక్కపెట్టి వేరింట్‌గా (చిన్న అంకెకు తక్కువ, పెద్ద అంకెకు ఎక్కువ బైట్లు వాడే పద్ధతి) రాస్తే 5 చాలు. ఒట్టి తేదీకి రోజుల లెక్క 3 బైట్లలో సరిపోతుంది. తిరుపతి పిన్‌కోడ్ 517501 కూడా అంకెగా రాస్తే 3 బైట్లే. డబ్బును పైసల్లో పూర్ణాంకంగా రాయండి. డబుల్ (దశాంశ సంఖ్యల రకం) వాడితే 8 బైట్లు ఖర్చయ్యేది కాక, నెలాఖరున పైసల తేడా వెతుక్కుంటూ కూర్చోవాలి.

ఊరి పేరును ప్రతి రికార్డులోనూ పంపకండి. యూటీఎఫ్-8లో "తిరుపతి" 21 బైట్లు. పేర్ల పట్టిక అటువైపు ఉంచుకుని కోడ్ నంబరు పంపండి. రోజూ నిండే ఫీల్డులకు 1 నుంచి 15 లోపు నంబర్లు ఇవ్వండి, 16 నుంచి ట్యాగే (ఇది ఏ ఫీల్డో చెప్పే గుర్తు) రెండు బైట్లు తింటుంది.

కనిపించేది: కొన్ని రికార్డులు మాత్రమే ఉన్నట్టుండి మూడింతలు అవుతున్నాయి

నన్ను బాగా ఏడిపించింది ఇదే. పలమనేరు వైపు ఒక కేంద్రం నుంచి వచ్చే ఫైలు కొన్ని పూటలు మామూలుగా ఉండేది, కొన్ని పూటలు దాదాపు మూడింతలు. అదే రైతులు, అవే పాలు. సిగ్నల్ సరిగా లేక ఒకే రికార్డు మళ్ళీ మళ్ళీ వస్తోందనుకుని రెండు రోజులు అక్కడే తవ్వాను. మూడో రోజు, ఇతరులకు చెప్పే సలహా నాకే గుర్తొచ్చి, హెక్స్ తీశాను. మామూలు రికార్డు ఇది:

08 93 02 10 40 18 29 20 55

ఇందులో 08, 10, 18, 20 ట్యాగులు. 93 02 అంటే రైతు నంబరు 275. హెక్స్‌లో 40 అంటే 64, అంటే 6.4 లీటర్లు. 29 అంటే ఫ్యాట్ 4.1, 55 అంటే ఎస్ఎన్ఎఫ్ (కొవ్వు కాని ఘనపదార్థం) 8.5. మొత్తం తొమ్మిది బైట్లు.

ఉబ్బిన రికార్డులో 18 తర్వాత వరుసగా తొమ్మిది ఎఫ్ఎఫ్‌లు, చివర ఒక 01. 20 తర్వాత మళ్ళీ అదే వరస. మొత్తం 27 బైట్లు.

కారణం: ఆ ఎఫ్ఎఫ్‌ల వరస −1. వేరింట్ ఒక్కో బైటులో ఏడేసి బిట్లు మోస్తుంది, మైనస్ గుర్తుకు అందులో విడిగా చోటు లేదు. అందుకని −1ని 64 ఒకట్లుగా రాస్తుంది. ఏడు చొప్పున తొమ్మిది బైట్లు నిండి, మిగిలిన ఒక్క బిట్టు కోసం పదో బైటు పడుతుంది. ఇంట్32 (32 బిట్ల పూర్ణాంకం) అని ప్రకటించినా మైనస్ అంకెకు పది బైట్లే.

మా దగ్గర మైనస్ అంకెలే లేవని అందరూ అంటారు, నేనూ అన్నాను. పాలలో మైనస్ ఫ్యాట్ ఎక్కడిది? కానీ ఫ్యాట్ కొలిచే యంత్రం మొరాయించిన పూట డేటాబేస్‌లో ఆ గడి నల్‌గా, అంటే విలువ లేకుండా ఉండేది. రికార్డును బైట్లుగా రాసే ఎన్‌కోడర్ ఆ నల్‌ను −1గా రాస్తోంది. అలా రాసిన మనిషిని తిట్టలేం. ప్రోటోబఫ్ మూడో రూపమైన ప్రోటో3లో ఆప్షనల్ అని చెప్పని ఫీల్డుకు సున్నా ఇస్తే దాన్ని రాయదు. కాబట్టి చదివేవారికి సున్నాకూ ఖాళీకీ తేడా తెలియదు. కొలవని ఫ్యాట్‌ను సున్నాగా చదివితే రైతు లెక్క తలకిందులవుతుంది. ఆ భయం న్యాయమైనదే, వేసిన మందే తప్పు.

పరిష్కారం: ఫీల్డును ఆప్షనల్ చేసి, నల్ వస్తే అసలు రాయకండి. పై రికార్డు 08 93 02 10 40 దగ్గర, అంటే 5 బైట్లకే ఆగిపోతుంది. అయితే ముందు మార్చాల్సింది చదివే వైపు. పాత ప్రోగ్రాము లేని ఫీల్డును సున్నా అనుకుంటుంది, మనం దేనికి భయపడ్డామో అదే జరుగుతుంది. కేంద్రాలన్నీ కొత్త వెర్షన్‌కు వచ్చేదాకా −1 తనిఖీనీ తీసేయకండి.

రైతు అడ్వాన్సు బాకీ లాంటి నిజమైన మైనస్‌లకు ఎస్ఇంట్64 అనే రకం సరైనది. అది జిగ్‌జాగ్ పద్ధతిలో 0, −1, 1, −2లను 0, 1, 2, 3గా రాస్తుంది, −1కి ఒక్క బైటు చాలు. మైనస్‌లు రాని కాలమ్‌లకు పెట్టకండి, 63 దాటగానే రెండో బైటు పడుతుంది.

కనిపించేది: సరి అంకెలన్నీ సగమయ్యాయి, బేసి అంకెలన్నీ మైనస్ అయ్యాయి

కారణం: పై పేరా చదివి, అదే ఫీల్డు నంబరు మీద ఇంట్64ను ఎస్ఇంట్64గా మార్చేశారు. పాత 500 ఇప్పుడు 250, పాత 41 ఇప్పుడు −21. రెంటికీ పంపేటప్పటి బైట్ల రూపం (వేరింట్) ఒకటే కాబట్టి ఎర్రర్ రాదు.

పరిష్కారం: మార్పు వెనక్కి తీసుకోండి. కొత్త నంబరుతో కొత్త ఫీల్డు పెట్టి, పాత డేటాను అందులోకి మార్చాక పాత నంబరును మళ్ళీ ఎవరూ వాడకుండా రిజర్వ్‌డ్ చేయండి.

ఇక హ్యాష్‌ల వంటి భారీ అంకెలు వేరింట్‌లో 9, 10 బైట్లు తింటుంటే ఫిక్స్‌డ్64 పెట్టండి, ఎప్పుడూ 8. బైట్ల క్రమం తారుమారైందేమో, లైబ్రరీలో బగ్ ఉందేమో అనే అనుమానాలు హెక్స్ చూశాక కూడా మిగిలితే అప్పుడు చూద్దాం.