పాత పెట్రోల్ కారుకి పోయిన పికప్ తక్కువ ఖర్చుతో

ఐదారేళ్లు దాటిన పెట్రోల్ కారు ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మూలుగుతుంటే చాలామంది నేరుగా రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగ్‌లు మార్చడం), ఫ్రీ ఫ్లో ఎగ్జాస్ట్ (పొగ సులువుగా బయటికి పోయే సైలెన్సర్ గొట్టం) గురించి అడుగుతారు. వేలకు వేలు పెట్టే ముందు ఇది చేసి చూడండి. కొత్త హార్స్‌పవర్ రాదు, పోయినది మాత్రం చాలావరకు తిరిగొస్తుంది.

ఇంజిన్ చల్లారాక కీ తీసేసి ఎయిర్ ఫిల్టర్ బాక్స్ తెరవండి. ఫిల్టర్ నల్లబడి ఉంటే దులపొద్దు, మార్చేయండి. మన దుమ్ము రోడ్లకి మాన్యువల్‌లో రాసిన గడువు కంటే ముందే మార్చాలి. తర్వాత ఆ బాక్స్ నుంచి ఇంజిన్‌కి గాలి తీసుకెళ్లే ఇన్‌టేక్ గొట్టం విప్పితే, లోపలికి వెళ్లే గాలిని నియంత్రించే థ్రాటిల్ బాడీ కనిపిస్తుంది. అందులోని గుండ్రటి పలక అంచున నల్లటి జిడ్డు పేరుకుని ఉంటుంది. థ్రాటిల్ క్లీనర్‌ని నూలు పోగులు రాలని గుడ్డ మీద కొట్టి తుడవండి, లోపలికి నేరుగా కొట్టొద్దు. స్పార్క్ ప్లగ్‌లు కూడా విప్పి చూడండి. కొనలు అరిగిపోతే అన్నీ ఒకేసారి మార్చాలి, కొన దగ్గరి గ్యాప్ మాన్యువల్‌లో ఉన్నంతే ఉండాలి.

ఎలక్ట్రానిక్ థ్రాటిల్ (కేబుల్‌తో కాకుండా మోటార్‌తో కదిలేది) ఉంటే థ్రాటిల్ బాడీలోని ఆ పలకను వేలితో బలవంతంగా తోయొద్దు, లోపల గేర్లు పాడవొచ్చు. తుడిచాక ఐడిలింగ్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) కాస్త ఎక్కువగా ఉండొచ్చు. రెండు మూడు రోజుల్లో సర్దుకోకపోతే మెకానిక్‌తో స్కానర్ పెట్టించి రీసెట్ చేయించండి.

నాలుగో గేర్‌లో ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) పెరుగుతున్నా బండి వేగం అందుకోకపోతే మాత్రం సమస్య క్లచ్ ప్లేట్‌ది, దీనితో పోదు.