రంగుల పాఠం – 4: ముదురు పెదవులు, రంగుల కన్నులు

పోయిన పాఠం చివర ఒక పని చెప్పాను. పొద్దున పూట కిటికీ దగ్గర కూర్చుని, ముఖానికి ఏమీ పూయకుండా, మీ పెదవుల మధ్య రంగు ఏంటో, అంచుల రంగు ఏంటో విడివిడిగా చూసి రాసుకోమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. దాంతో ఇప్పుడు పని ఉంది.

ఇంతవరకు నేర్చుకున్నదంతా చర్మంలో కలిసిపోయే పని. ఫౌండేషన్, కన్సీలర్, ఉల్లిపొర రంగు లిప్‌స్టిక్. ఈ పాఠం నుంచి నలుగురికీ కనపడే రంగుల్లోకి దిగుతున్నాం. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. చేతకాక కాదు, ఇంట్లోనో వీధిలోనో వినే మాట వల్ల: "ఏమ్మే, మన రంగుకి అది నప్పుతుందా?" ఆ మాట విని, ఇష్టపడి కొనుక్కున్న లిప్‌స్టిక్‌ని బీరువాలో దాచేసిన ఆడపిల్లలు నా దగ్గర నేర్చుకోవడానికి వస్తుంటారు. ఆ మాట మీద నాకు కోపం. అది మనసుని నొప్పించడం ఒక ఎత్తు, అసలు నిజమే కాకపోవడం ఇంకో ఎత్తు.

లేత గులాబీ, లేత పీచ్ లాంటి రంగులు రావాలంటే వాటిలో తెల్ల పొడి కలపాలి. దాని పేరు టైటానియం డయాక్సైడ్. చామనఛాయ మీద, నలుపు మీద ఆ తెలుపు బూడిద పూసినట్టు తేలుతుంది. ముదురు రంగుల్లో తెలుపు తక్కువ, అసలు రంగు ఎక్కువ. అందుకే దానిమ్మ ఎరుపు, నేరేడు, ఇటుక రంగు, మెరూన్ మన చర్మం మీద నిండుగా కుదురుతాయి. బాగా తెల్లటి చర్మం మీద అదే నేరేడు రంగు కొట్టొచ్చినట్టు కనపడుతుంది, మన మీద ఒదిగిపోతుంది.

కాబట్టి రంగు గురించి టెన్షన్ పడొద్దు. శ్రద్ధంతా అంచు మీద పెట్టండి. లేత రంగు అంచు కాస్త వంకరపోయినా ఎవరూ గమనించరు. ముదురు రంగు దేన్నీ దాచదు. ధర్మవరం పట్టుచీర ఒళ్లు ఎంత గాఢమైన రంగులో ఉన్నా, ఎదురు రంగు అంచు తిన్నగా సాగితేనే దానికి అందం. పెదవికైనా, కనురెప్పకైనా అంతే.

పెదవులు

ఎరుపు అంటే ఒక్కటే ఎరుపు కాదు. మిరపపండు ఎరుపులో నారింజ ఛాయ ఉంటుంది, దానిమ్మ ఎరుపులో నీలం ఛాయ ఉంటుంది. నీలం ఛాయ ఉన్న ఎరుపు పళ్లని తెల్లగా చూపిస్తుంది. నారింజ ఛాయ ఉన్నది పళ్లలోని పసుపుని ఎత్తి చూపిస్తుంది. మొదటి ముదురు లిప్‌స్టిక్ కొంటున్నవాళ్లకి నా సలహా దానిమ్మ ఎరుపు. అది చేతికి అలవాటయ్యాక రాణి రంగు, ఆ తర్వాత నేరేడు. కనకాంబరం రంగు చివర పెట్టుకోండి. నల్లటి అంచులున్న పెదవుల మీద అది తేలిగ్గా మడ్డిగా మారిపోతుంది.

షాపులో రంగుని మణికట్టు మీద గీసి చూడకండి. అక్కడి చర్మం రంగు వేరు, పెదవి రంగు వేరు. వేలి కొస మెత్తటి భాగం మీద గీసుకుంటే పెదవికి దగ్గరగా తెలుస్తుంది. పాతూరు బజారులో కొన్నా, సుభాష్ రోడ్డులో కొన్నా, షాపు గుమ్మం దాటి బయట వెలుతురులో ఒకసారి చూసి అప్పుడు డబ్బు ఇవ్వండి. లోపలి ట్యూబులైటు కింద చూసిన ఎరుపు వేరు, బయట చూసే ఎరుపు వేరు. అందరూ వాడే టెస్టర్‌ని మాత్రం నేరుగా పెదవికి పెట్టుకోవద్దు. పెదవుల మీద పొక్కులు తెప్పించే వైరస్ అలా ఒకరి నుంచి ఒకరికి అంటుకోగలదు.

ఇప్పుడు మీరు రాసుకున్న కాగితం తీయండి. "మధ్యలో గులాబీ, అంచులు గోధుమ" అని రాసుకున్నవాళ్లే ఎక్కువమంది ఉంటారు. మన దగ్గర అది మామూలు విషయం, జబ్బు కాదు. దాన్ని కప్పడానికి కన్సీలర్ మందంగా పట్టిస్తే గంటలో పగుళ్లు తేలుతాయి. అంతకంటే మంచి దారి ఉంది. లిప్‌స్టిక్ రంగులోనే లిప్ లైనర్ పెన్సిల్ తీసుకుని, అంచు గీసి ఆపేయకుండా పెదవి మొత్తం దాంతో నింపండి. కింద నేల ఒకే రంగుకి వస్తుంది. పైన వేసే లిప్‌స్టిక్ రెండు రకాలుగా కనపడదు.

మన అనంతపురం సంగతి ప్రత్యేకం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వాన, ఆషాఢంలో ఆగని గాలి. పెదవులు ఎండిపోతాయి, ఎండిన పెదవిని నాలుకతో తడిపే అలవాటు వస్తుంది, దాంతో ఇంకా ఎండుతాయి. ఎండిన పెదవి మీద మ్యాట్ రంగు, అంటే మెరుపు లేని రంగు వేస్తే ప్రతి పగులులోనూ రంగు చేరుతుంది. అందుకని ముందురోజు రాత్రి కాస్త నెయ్యో, కొబ్బరినూనో రాసి పడుకోండి. రంగు వేసే ముందు లిప్ బామ్ రాసి, పది నిమిషాలు ఆగి, టిష్యూతో పూర్తిగా తుడిచేయండి. తుడవకపోతే రంగు జారుతుంది.

మ్యాట్ ఎందుకు ఎండబెడుతుందో తెలిస్తే ఎంచుకోవడం తేలిక. లిప్‌స్టిక్ అంటే మైనం, నూనె, రంగు. ఆ నూనెల్లో ఎక్కువగా వాడేది ఆముదం. మన వేరుశనగ చేలల్లో అంతరపంటగా వేసే ఆముదమే. రంగు పొడిని సమంగా పట్టి ఉంచి, మెరుపు ఇచ్చేది అదే. మ్యాట్‌లో నూనె తగ్గించి మైనం, పొడి పెంచుతారు. లిక్విడ్ మ్యాట్‌లో అయితే త్వరగా ఆవిరైపోయే ద్రవం ఉంటుంది. అది ఎగిరిపోయాక పెదవి మీద పొరగా మిగిలేదే మీ రంగు. చాలాసేపు ఉంటుంది కానీ తేమ ఇవ్వదు. ఎండాకాలంలో మామూలు క్రీమ్ లిప్‌స్టిక్‌ని కింద చెప్పినట్టు రెండు పూతలుగా వేసుకోవడమే మేలని నా అభిప్రాయం. మే నెలలో హ్యాండ్‌బ్యాగులో ఉంచిన లిప్‌స్టిక్ మీద నూనె చుక్కలు కనపడితే కంగారు పడకండి. వేడికి నూనె పైకి వచ్చింది, అంతే. చల్లటి చోట పెట్టి, పైచుక్కలు టిష్యూతో అద్దితే సరిపోతుంది. వాసన మారితే మాత్రం పారేయండి.

వేసే పద్ధతి ఇది. నోరు సాగదీసి నవ్వుతూ వేయకండి, పెదవులు మామూలుగా వదిలేయండి. పై పెదవి మధ్యలో ఉండే నొక్కు దగ్గర లైనర్‌తో చిన్న ఇంటూ గుర్తు గీయండి. కింది పెదవి మధ్యలో ఒక అడ్డగీత. తర్వాత నోటి మూల నుంచి మధ్యకి చిన్న చిన్న గీతలు. ఒకే పొడవు గీత లాగితే చెయ్యి వణికిన ప్రతిచోటా కనపడుతుంది. మోచేయి బల్ల మీద ఆనిస్తే వణుకు సగం తగ్గుతుంది. లోపలంతా నింపి, బ్రష్‌తో లిప్‌స్టిక్ ఒక పూత. టిష్యూ పెదవుల మధ్య పెట్టి నొక్కండి. ఇంకో పలుచని టిష్యూ పెదవుల మీద పరిచి, దాని పైనుంచి కొద్దిగా కాంపాక్ట్ పౌడర్ అద్దండి. మళ్లీ ఒక పూత. చివర చూపుడు వేలు నోట్లో పెట్టి, పెదవులు మూసి, మెల్లగా బయటికి లాగండి. పళ్లకి అంటబోయే రంగంతా వేలికి వచ్చేస్తుంది.

ఇక అంచు. చిన్న చదును బ్రష్‌ని మీ చర్మం రంగు కన్సీలర్‌లో ముంచి, పెదవి బయటి గీత వెంట ఒక్కసారి నడిపించండి. ముదురు రంగుకి పొందిక వచ్చేది ఈ ఒక్క పనితో. ఎంత ఆలస్యమైనా దీన్ని వదలొద్దు.

తిండి దగ్గర ఏ రంగూ పూర్తిగా నిలవదు. ఉగ్గాని బజ్జీ తిన్నా, నెయ్యి వేసిన ఓళిగ తిన్నా లోపలి అంచున రంగు పోతుంది. నూనె ఆ పొరని కరిగిస్తుంది కాబట్టి. పోయినచోట వెంటనే మళ్లీ పూయకండి. మొదట జిడ్డు టిష్యూతో తీసేసి, అప్పుడు పలుచగా సర్దండి. లేకపోతే పొట్టు లేస్తుంది.

కళ్లు

మన కళ్లు చాలావరకు గోధుమ రంగువి. గోధుమ రంగు అంటే ముదిరిన నారింజే. రంగుల చక్రంలో నారింజకి ఎదురుగా ఉండేది నీలం. ఎదురెదురు రంగులు పక్కపక్కన పెడితే రెండూ మెరుగ్గా కనపడతాయి. అందుకే నెమలి కంఠం నీలం, ఆనందా బ్లూ, వంకాయ రంగు, రామా గ్రీన్ మన కళ్లకి ఇంత బాగా నప్పుతాయి. నలుపు కాటుక తప్ప ఏమీ పెట్టనివాళ్లు ఇది తెలియక ఎంత పోగొట్టుకుంటున్నారో అనిపిస్తుంది నాకు.

మొదటి మెట్టు చాలా చిన్నది. పైరెప్పకి ఏ రంగూ వద్దు, మస్కారా చాలు. కింది రెప్ప వెంట్రుకల కింద మాత్రం నీలం కాజల్ పెన్సిల్‌తో బయటి మూల నుంచి మధ్య వరకు గీసి, వేలి కొసతో కొద్దిగా నలపండి. దగ్గరికి వచ్చి మాట్లాడేవాళ్లకే తెలుస్తుంది. ఆఫీసుకైనా, కాలేజీకైనా ఇలా వెళ్లొచ్చు.

రెండో మెట్టు పైరెప్ప మొత్తం ఒకే రంగు. డబ్బాలో మెరిసిపోయిన ఐషాడో రెప్ప మీదకి రాగానే మాసిపోయిందని అందరూ చెప్పే ఫిర్యాదే. రెప్ప చర్మం ముదురుగా, జిడ్డుగా ఉండడమే కారణం. రంగుకి ముందు కన్సీలర్ చాలా పలుచగా రాయండి. రంగు ఇంకా ఎత్తి కనపడాలంటే దాని మీద తెల్ల పెన్సిల్ కాజల్ పూసి వేలితో సమం చేయండి. ఆ తెలుపు తడి ఆరకముందే చదును బ్రష్‌తో రంగుని అద్దండి. అద్దడమే, ఊడ్చడం కాదు. ఊడిస్తే పొడి రాలిపోతుంది, తెలుపు బయటపడుతుంది. రెప్ప మడత దాటాక ఇంకో శుభ్రమైన మెత్తటి బ్రష్, ఏ రంగూ లేకుండా, గుండ్రంగా తిప్పుతూ అంచుని చర్మంలోకి కరిగించండి. ఇక్కడ మీ చర్మం కంటే కాస్త ముదురు గోధుమ రంగు కొద్దిగా వాడితే ఇంకా తేలిక. ముదురు రంగులు వేసే రోజు కళ్లు ముందు, ఫౌండేషన్ తర్వాత. బుగ్గల మీద రాలిన నీలం పొడిని అప్పుడు హాయిగా తుడిచేసుకోవచ్చు.

పైఅంచు కరగాలి, కింది అంచు గట్టిగా నిలవాలి. వెంట్రుకల మొదట్లో సన్నటి నల్ల గీత గీసి చూడండి, పైనున్న రంగు వెంటనే చురుగ్గా మారుతుంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో చేసే తోలుబొమ్మలు ఎప్పుడైనా దగ్గర నుంచి చూస్తే ఆ కళ్లని గమనించండి. ఎరుపు, పచ్చ ఎంత గాఢంగా ఉన్నా, ప్రతి రంగునీ ఒక నల్ల గీత ఆపుతుంది. వెనక నుంచి దీపం వెలుగు వచ్చినా ఆ కన్ను దూరానికి స్పష్టంగా కనపడేది ఆ గీత వల్లే.

మూడో మెట్టు రెండు రంగులు. కలయిక మీరు కొత్తగా కనిపెట్టక్కర్లేదు, బీరువా తెరవండి. ఒక పట్టుచీర తీసి, ఒంటి రంగుని పైరెప్పకి, అంచు రంగుని కింది రెప్పకి పెట్టండి. వంకాయ రంగుకి ఆవపువ్వు పసుపు, రామా గ్రీన్‌కి మెరూన్, నీలానికి రాణి రంగు. ఆ జతలు నేతగాళ్లు ఎన్నో ఏళ్లుగా సరిచూసి నిలిపినవి.

రాత్రి ఫంక్షన్ హాలులో పసుపు లైట్లుంటే నీలం నల్లబడినట్టు కనపడుతుంది, ఆ వెలుతురులో నీలం తక్కువ కాబట్టి. అక్కడికి రాగి, బంగారం, మెరూన్ మంచివి. నీలాన్ని పగటికి ఉంచుకోండి.

కళ్లూ పెదవులూ రెండూ ముదురుగా పెట్టకూడదని ఒక నియమం వింటుంటాం. నేర్చుకునేటప్పుడు అది మంచిదే, ఒక్కచోటే శ్రద్ధ పెట్టొచ్చు. చెయ్యి కుదిరాక ఆ నియమానికి కట్టుబడాల్సిన పని లేదు. నేరేడు పెదవులు, నెమలి కంఠం రెప్పలు కలిపి పెట్టుకున్న చామనఛాయ ముఖం ఎంత కళగా ఉంటుందో నేను చూశాను.

కంటి దగ్గర రాజీ వద్దు

కాటుక, ఐలైనర్, మస్కారా ఎవరితోనూ పంచుకోకండి, చెల్లెలితో కూడా. కండ్లకలక వచ్చినప్పుడు వాడుతున్నవి పారేయండి. మస్కారా మూత తీసిన మూడు నెలలకి మార్చాలి. తెరిచిన డబ్బా బొమ్మలో 6ఎం, 12ఎం అని ఉండేది తెరిచాక ఎన్ని నెలలు వాడొచ్చో చెప్పే గుర్తు. రాతి సుర్మాలో సీసం ఉండొచ్చు, కంట్లో పెట్టొద్దు. హోలీ రంగు, కుంకుమ, ఫ్యాన్సీ షాపులో బొమ్మలకి అంటించే మెరుపు పొడి కూడా రెప్ప మీదకి రాకూడదు. పెట్టె మీద తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు, లైసెన్స్ నంబరు, గడువు తేదీ లేని పాలెట్ ఎంత చవకైనా కొనకండి. శాకాహారులు సీఐ 75470 అనే నంబరు కూడా చూసుకోండి. అది కార్మైన్, పురుగుల నుంచి తీసే ఎరుపు. కొత్తది ఏదైనా చెవి వెనక కొద్దిగా రాసి ఒక రోజు ఆగి చూడండి.

రాత్రి తీసేటప్పుడు రుద్దొద్దు. దూదికి కొబ్బరినూనె పట్టించి, మూసిన రెప్ప మీద అర నిమిషం ఆనించి ఉంచి, కిందికి తుడవండి. మైనాన్ని నూనె కరిగిస్తుంది. తర్వాత ఫేస్‌వాష్. కళ్లలో లెన్స్ పెట్టుకునేవాళ్లు ముందు లెన్స్ తీయాలి.

ఈ వారం పని

మొదటి రెండు రోజులు పెదవులే. దానిమ్మ ఎరుపు వేసి, అంచు సరిచేసి, ఇంట్లో పని చేసుకుంటూ సాయంత్రం వరకు ఉంచండి. ఎక్కడ ముందు పోయిందో రాసుకోండి. తర్వాత కింది రెప్పకి నీలం. వారం చివర పైరెప్ప మొత్తం ఒక రంగు, పగటి వెలుతురులో ఒక ఫొటో, రాత్రి లైటు కింద ఒక ఫొటో. ఫోన్‌లో బ్యూటీ ఫిల్టర్ ఆపేసి తీయండి, అది మీ అంచులన్నీ చెరిపేస్తుంది.

వచ్చే పాఠం ఐలైనర్ తోక గురించి. జెల్ లైనర్, వాలు కొస ఉన్న సన్న బ్రష్, కాస్త సెల్లోటేపు సిద్ధంగా పెట్టుకోండి. టేపుని ముందు చేతి వెనక రెండు మూడుసార్లు అంటించి జిగురు తగ్గించాకే కంటి పక్కన వాడతాం.