పాత డెస్క్‌టాప్ బాగుసేత – 6వ పాఠం: 256 పెడితే 128 ఎందుకు కనిపిస్తుంది

హార్డ్ డిస్క్ తీసివేసి దాని స్థానంలో కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు (పాత కెమెరాలలో వాడిన మెమరీ కార్డు) అమర్చడం ఈసారి నేర్పుతానని మాట ఇచ్చాను. ఆ మాట నిలబెట్టుకుంటాను. అయితే దానికి ముందు, గత పాఠం వల్ల మీలో చాలామందికి కలిగిన ఇబ్బందిని తీర్చవలసి ఉంది. "పీసీ133 రకం 256 మెగాబైట్ల ర్యామ్ ఒకటి కొని రెండవ స్లాటులో పెట్టండి" అని ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్ళిపోయాను. ఆ తరువాత ఒంగోలు, కావలి, కందుకూరు, గూడూరు, ఎటు నుంచి వచ్చినా ప్రశ్న ఒక్కటే: పెట్టింది 256, తెర మీద పెరిగింది 128, మిగతా సగం ఏమైంది? ఆ వాక్యంతో పాటు చెప్పవలసిన షరతును నేను చెప్పలేదు. తప్పు నాదే, మీ చేతులది కాదు.

ఈలోగా కొందరు ర్యామ్ కాళ్ళను రబ్బరుతో పదేపదే రుద్దారు, కొందరు స్లాట్లు మార్చి చూశారు, ఇద్దరు దుకాణానికి వెళ్ళి నకిలీ సరుకు అంటగట్టారని గొడవపడి వచ్చారు. 100 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే మదర్‌బోర్డులో 133 ర్యామ్ పెట్టడమే కారణమని ఎక్కువమంది తేల్చుకున్నారు. అది ఎంతమాత్రమూ నిజం కాదు. 133 అన్నది ఆ ర్యామ్ అందుకోగల వేగం. బోర్డు 100తో నడిపితే అది 100తో చక్కగా నడుస్తుంది.

సింగరాయకొండ నుంచి ఒక లెక్కల మాస్టారు తన బోర్డునూ రెండు ర్యామ్‌లనూ పాత తువ్వాలులో చుట్టుకొని మా ఇంటికే వచ్చారు. రెండింటినీ ఒకే దుకాణంలో, ఒకే ధరకు కొన్నారు. రెండింటి చీటీ మీదా 256 అనే ఉంది. వరండాలో ట్యూబ్‌లైటు కింద పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకదానికి ముందు ఎనిమిది, వెనుక ఎనిమిది, మొత్తం పదహారు నల్లని చిప్పులు ఉన్నాయి. రెండవదానికి ముందు వైపు మాత్రమే ఎనిమిది, వెనుక ఖాళీ పచ్చని పలక. పదహారు చిప్పులది పెడితే 256 వచ్చింది, ఎనిమిది చిప్పులది పెడితే 128 వచ్చింది. మాస్టారు మళ్ళీ ఒకసారి మార్చి పెట్టి, అదే ఫలితం చూసి, అప్పటికి నమ్మారు.

ఎనిమిది చిప్పులలో 256 మెగాబైట్లు ఇమడాలంటే ఒక్కొక్క చిప్పు 32 మెగాబైట్లు, అనగా (బైటుకు ఎనిమిది బిట్ల లెక్కన) 256 మెగాబిట్లు, పట్టేదై ఉండాలి. పదహారు చిప్పులైతే ఒక్కొక్కటి 128 మెగాబిట్లు పడితే చాలు. 128 మెగాబిట్ల చిప్పులో 4,096 వరుసలు ఉంటాయి, వాటిని పిలవడానికి 12 చిరునామా తీగలు సరిపోతాయి. 256 మెగాబిట్ల చిప్పులో 8,192 వరుసలు ఉంటాయి కనుక 13 తీగలు కావాలి. మనలో చాలామంది దగ్గర ఉన్న పెంటియం టూ, పెంటియం త్రీ బోర్డులలోని ఇంటెల్ 440బీఎక్స్ చిప్‌సెట్ (ర్యామ్‌నూ డిస్క్‌లనూ ప్రాసెసర్‌తో కలిపే బోర్డు మీది చిప్పుల జత) 1998 ఏప్రిల్‌లో వచ్చింది. అది వరుసల కోసం పంపేది 12 తీగల చిరునామాయే. ఆ పదమూడవ తీగ లేకపోవడం వల్ల ఇంటికి మేడ ఉండీ మెట్లు లేనట్లు అవుతుంది, పై 4,096 వరుసలు చిప్పులో భద్రంగానే ఉన్నా బోర్డు వాటిని చేరుకోలేదు. అందుకే కనిపించేది కచ్చితంగా సగం. ర్యామ్ పాడైతే సాధారణంగా లెక్క ఇంత సరిగ్గా సగానికి తెగదు.

కాబట్టి 440బీఎక్స్ బోర్డు ఉన్నవారు చీటీని నమ్మవద్దు, చిప్పులను లెక్కపెట్టండి. 256కి పదహారు, 128కి ఎనిమిది ఉండాలి. నాలుగే చిప్పులున్న 128 ర్యామ్ మీ బోర్డులో 64గా కనిపిస్తుంది. తొమ్మిదో పద్దెనిమిదో ఉంటే కంగారుపడకండి, ఆ అదనపు చిప్పులు తప్పులను పట్టడానికి ఉన్నవి, వాటిని లెక్కలో కలపకండి. లెక్కతో తృప్తి కలగకపోతే చిప్పు మీది అక్షరాలను భూతద్దంతో చదవండి. శామ్‌సంగ్ చిప్పు మీద కే4ఎస్ తరువాత 28 ఉంటే 128 మెగాబిట్లు, 56 ఉంటే 256 మెగాబిట్లు. హైనిక్స్‌లో హెచ్‌వై57వీ తరువాత అదే 28, అదే 56. మైక్రాన్ అయితే 16ఎం8 మనకు కావలసినది, 32ఎం8 వద్దనవలసినది. సెకండ్‌హ్యాండ్ దుకాణంలో ర్యామ్‌ల డబ్బా ముందు కూర్చున్నప్పుడు నేను చీటీ వైపు చూడను, ఈ రెండు అంకెల కోసమే వెతుకుతాను.

బోర్డు ఏదో తెలియనివారు చిప్‌సెట్‌లోని పెద్ద చిప్పు మీది హీట్‌సింక్‌ను (వేడిని లాగే లోహపు పలకను) పెకలించవద్దు. పీసీఐ స్లాట్ల (అదనపు కార్డులు గుచ్చే చోట్ల) దగ్గర ఉండే రెండవ చిప్పును చదవండి. దాని మీద 82371ఈబీ అని ఉంటే చాలావరకు ఈ కుటుంబమే. 82801తో మొదలైతే అది తరువాతి తరానిది. అందులో 2000లో వచ్చిన 815 చిప్‌సెట్ ఎనిమిది చిప్పుల ర్యామ్‌ను పూర్తిగానే చదువుతుంది, అయితే ఎన్ని పెట్టినా 512 మెగాబైట్లు దాటనివ్వదు. విండోస్ 98 వాడేవారు 512 దాటాలని ఆశపడనే వద్దు, ఆ పైన అది సరిగ్గా నడవక మొండికేస్తుంది. నా యంత్రంలో 256 మాత్రమే ఉంచాను, ఎన్నడూ తక్కువ కాలేదు.

స్లాటు సంగతి ఒక్క మాట. కొత్తపట్నం, మైపాడు వంటి తీరపు ఊళ్ళలో ఉన్నవారు, ముఖ్యంగా ఈశాన్య రుతుపవనాల తేమలో, స్లాటు లోపలి కాళ్ళను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తని కుంచెతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. రబ్బరు ర్యామ్‌కే, స్లాటుకు కాదు.

ఇక కార్డు. కాంపాక్ట్ ఫ్లాష్ మాట్లాడేది ఐడీఈ (పాత హార్డ్ డిస్క్‌లను బోర్డుకు కలిపే పద్ధతి) భాషే కనుక, కార్డును కేబుల్‌కు తగిలించే అడాప్టర్ కేవలం పిన్నులను కలిపే పలక. అడాప్టర్ మీది జంపర్‌ను (చిన్న తొడుగును) మాస్టర్, అనగా కేబుల్ మీది మొదటి డ్రైవు, స్థానానికి పెట్టి, కేబుల్ ఎర్ర అంచును ఒకటవ పిన్ను వైపు ఉంచి, ప్రైమరీ ఐడీఈకి తగిలించండి. సీడీ డ్రైవును సెకండరీకి మార్చండి, రెండింటినీ ఒకే కేబుల్ మీద కలపడం నాకు ఇష్టం లేదు. ఆ కాలపు బయాస్‌లలో (యంత్రం ఆన్ కాగానే నడిచే బోర్డు లోపలి ప్రోగ్రామ్‌లలో) చాలా వాటికి 33.8 గిగాబైట్ల దగ్గర గోడ ఉంది, దానిని దాటిన డిస్క్ పెడితే కొన్ని బోర్డులు గుర్తించే చోటే ఆగిపోతాయి. నేను 16 గిగాబైట్ల కార్డే వాడతాను. 440బీఎక్స్ బోర్డు సెకనుకు 33 మెగాబైట్లకు మించి ఎలాగూ తీసుకోలేదు కనుక ఖరీదైన వేగపు కార్డుకు డబ్బు పెట్టకండి. ఎఫ్‌డిస్క్‌లో (డిస్క్‌ను భాగాలు చేసే ప్రోగ్రామ్‌లో) భాగం చేసిన తరువాత దానిని యాక్టివ్‌గా, అనగా బూట్ కావలసిన భాగంగా, గుర్తించడం మరవకండి, అది మరిస్తే విండోస్ అంతా ఎక్కినా యంత్రం బూట్ కాదు.

అభ్యాసం: ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ప్లస్ ప్రోగ్రామ్‌ను సీడీ మీద రాసుకోండి. మీ దగ్గర మూడు ర్యామ్‌లు, మూడు స్లాట్లు ఉంటే, ఒక్కొక్క ర్యామ్‌ను ఒక్కొక్క స్లాటులో ఒంటరిగా పెట్టి, తొమ్మిది సార్లు, ప్రతిసారీ ఒక పూర్తి పాస్ (పరీక్షలన్నీ ఒక చుట్టు) అయ్యేవరకు నడపండి. ర్యామ్ మార్చే ప్రతిసారీ గోడ ప్లగ్గు తీయండి, ఏటీఎక్స్ రకం విద్యుత్ సరఫరా ఉన్న యంత్రం ఆపినా బోర్డు మీద 5 వోల్టులు నిలిచే ఉంటాయి. కాగితం మీద తొమ్మిది గడులు గీసి, కనిపించిన మెగాబైట్లు, వచ్చిన తప్పులు రాయండి. తప్పులు ఒకే ర్యామ్‌ను వెంబడిస్తే ర్యామ్ పోయినట్లు, ఒకే స్లాటులో వస్తే స్లాటును మళ్ళీ తుడవవలసినట్లు. చివరగా అన్నింటినీ కలిపి పెట్టి, మానిటర్ ఆపేసి, యూపీఎస్ మీద ఒక రాత్రంతా నడవనివ్వండి. ఆ రాత్రి ఒక్క తప్పు కనబడినా కార్డులో విండోస్ ఎక్కించవద్దు. ముందు ఒక ర్యామ్‌ను తీసి పక్కన పెట్టి, మిగిలిన వాటితో మరొక రాత్రి నడపండి.