మట్టి శ్వాస కొలిచే ముందు

మట్టిలోని సూక్ష్మజీవులు వదిలే కార్బన్ డయాక్సైడే మట్టి శ్వాస. మూసిన జాడీలో మట్టితో పాటు పెట్టిన సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారం దాన్ని పీల్చుకుంటుంది; ఎంత క్షారం ఖర్చయిందో చూసి శ్వాసను లెక్కిస్తాం. తొలకరి మట్టి నమూనాలు జాడీల్లో పెట్టేముందు ఇవి చూసుకోండి.

మట్టి లేని ఖాళీ జాడీలు కనీసం మూడు పెట్టండి. సోడియం హైడ్రాక్సైడ్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌నూ పీల్చేస్తుంది. ఆ లెక్క తీసేయకపోతే నిర్జీవమైన నేల కూడా బతికున్నట్టే కనిపిస్తుంది.

ఎండిన మట్టిని తడిపిన రోజే కొలవొద్దు. తడి తగలగానే శ్వాస ఒక్కసారిగా ఎగసి, కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. నీరు పట్టే సామర్థ్యంలో 50–60 శాతం తేమతో, 25 డిగ్రీల వద్ద వారం ఉంచండి. తేమ మరీ ఎక్కువైతే గాలి ఆడదు.

మట్టిని 2 మి.మీ. జల్లెడ పట్టాలి; వేరు ముక్కలు ఏరేయాలి.

టైట్రేషన్‌కు, అంటే మిగిలిన క్షారాన్ని ఆమ్లంతో కొలిచే ముందు, బేరియం క్లోరైడ్ కలపాలి. పీల్చిన వాయువు మారిన రూపమైన కార్బొనేట్ అడుగుకు దిగాకే, రంగు సూచిక ఫినాల్ఫ్తలీన్ గులాబీ రంగు పోయే చోటు నమ్మదగ్గది.

క్షారం సగానికి పైగా ఖర్చయితే జాడీ మూసి ఉంచే వ్యవధి తగ్గించి మళ్లీ చేయండి.

సున్నపు నల్లరేగడిలో కొంత వాయువు సున్నం నుంచీ రావచ్చు, సూక్ష్మజీవుల ఖాతాలో వేయకండి.